ప్రవేశం పుట్టుకతో, నిష్క్రమణ మార్కెట్టుతో: తెలుగు సాహిత్యంలో వృత్తుల మార్పు

ఆర్థిక సంస్కరణల అనంతర తెలుగు సాహిత్యంపై వెలువడుతున్న పరిశోధన వ్యాసాల్లో ‘కులవృత్తుల విధ్వంసం’ అన్న మాట స్థిరపడిన పారిభాషిక పదమైంది. 1991 దగ్గర ఒక గీత గీసి, దానికి అవతల నిండుగా మండుతున్న కొలిమిని, ఇవతల చల్లారిన కొలిమిని చూపడం ఈ వ్యాసాల సామాన్య పద్ధతి. ఈ చిత్రణకు ఆధారాలు లేకపోలేదు. ప్లాస్టిక్ బిందె కుండను వెనక్కు నెట్టింది. ట్రాక్టరు నాగలిని, నాగలితోపాటు దానిని చెక్కే వడ్రంగిని, కర్రు సాగగొట్టే కమ్మరిని పక్కకు తప్పించింది. మరమగ్గం చేనేతను దెబ్బతీసింది. సిరిసిల్లలో ఆ మరమగ్గాల మీద పనిచేసినవారు కూడా అప్పులపాలై ఆత్మహత్యలకు పాల్పడ్డారు. వీటిలో దేనినీ కాదనలేం. అయినా ఈ వ్యాసాలు సాధారణంగా అడగని ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఒక మనిషి తన పనిని ఎట్లా పోగొట్టుకున్నాడన్నది విమర్శ శ్రద్ధగా నమోదు చేసింది. అతడు ఆ పనిలోకి ఎట్లా వచ్చాడన్నది, వద్దనుకుంటే వదిలిపెట్టగలిగేవాడా అన్నది అంత శ్రద్ధగా విచారించలేదు.

కులవృత్తిలోకి ప్రవేశం పుట్టుకతో జరిగింది, నిష్క్రమణ మార్కెట్టు చేతిలో జరిగింది. ఈ రెండింటిలోనూ మనిషి ఇష్టానికి చోటు లేకపోయింది. నిష్క్రమణను మాత్రమే విషాదంగా చదివినప్పుడు ప్రవేశం సహజమైనదిగా, దాదాపు న్యాయమైనదిగా కనిపించడం మొదలవుతుంది. మన మంచి రచనలు ఆ పొరపాటు చేయలేదనీ, వాటిని చదివే పద్ధతిలోనే అది చోటుచేసుకుందనీ చెప్పడానికి కొన్ని రచనలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఎంపిక సమగ్రం కాదు. వాదానికి అవసరమైన మేరకే.

మాటల వెనుక సంబంధాలు

పనిని సూచించే తెలుగు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తేనే సగం సమాజశాస్త్రం బోధపడుతుంది. పని, వృత్తి, కూలి, చాకిరి, వెట్టి, ఊడిగం, కొలువు, ఉద్యోగం: ఇవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్క మాట ఒక్కొక్క సంబంధాన్ని చెబుతుంది. పారసీకం నుంచి వచ్చిన చాకిరిలో యజమాని ఉన్నాడు. కూలిలో కొలత ఉంది. వెట్టిలో కొలత కూడా లేదు. ఒకప్పుడు రాజసభను సూచించిన కొలువు ఇప్పుడు నెల జీతానికి పేరైంది. ఇక ‘వృత్తి’ చరిత్ర మరీ విచిత్రమైనది. శాసనాల్లో వృత్తి అంటే అగ్రహారంలో బ్రాహ్మణుడికి దక్కిన భూమి వాటా, జీవనాధారం. చేతులు కదపకుండా లభించే జీవనాధారానికి వాడిన మాటే, కాలక్రమంలో చేతులు కదిపితే తప్ప గడవని వారి పనికి గౌరవవాచకమైంది. ఈ గౌరవం ఎంతవరకు నిజమో అడగవలసిన బాధ్యత మనది.

పన్నిద్దరు ఆయగాండ్ర వ్యవస్థలో కుమ్మరి తన ఊరి రైతుకు కుండను విడిగా నగదుకు అమ్మేవాడు కాడు. ఏడాది పొడవునా కుండలిచ్చి, కల్లం దగ్గర ఆయమో మేరో పుచ్చుకునేవాడు. మంగలికీ, చాకలికీ, కమ్మరికీ అదే పద్ధతి. దీనిని పరస్పర సహకారమని వర్ణించేవారున్నారు. సహకారం ఉన్నమాట నిజమే. కానీ గింజల పరిమాణాన్ని నిర్ణయించేది ఆనవాయితీ. ఆ ఆనవాయితీకి అర్థం చెప్పేది భూమి ఉన్నవాడు. ఉన్న ఊళ్లో గిట్టుబాటు కాకపోతే మరో ఊరికి పోయి బేరమాడే స్వేచ్ఛ ఆయగాడికి నామమాత్రం.

ఈ సందర్భంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తిపదకోశం’ను స్మరించక తప్పదు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. పడుగు, పేక, కండె, నాడె వంటి మాటలు ఏ ప్రాంతంలో ఏ రూపంలో ఉన్నాయో తెలుసుకోవడానికి ఇవాళ్టికీ అంతకు మించిన ఆధారం లేదు. అయితే పదకోశం సహజంగానే పనిముట్టు చుట్టూ, ప్రక్రియ చుట్టూ అల్లుకుంటుంది. తెలుగు విమర్శ వృత్తి సాహిత్యాన్ని చదివే తీరులో ఈ పదకోశ దృష్టి ఎక్కువగా పనిచేసిందని నా అభిప్రాయం. వృత్తిపదాలు దట్టంగా ఉన్న కవితను వృత్తి కవితగా గుర్తించి, పదాలను ఏరి అర్థాలు చెప్పి ముగించిన పత్రాలు సదస్సుల్లో తరచు వినిపిస్తాయి. పదం దొరికితే పని దొరికినట్టే, పని దొరికితే మనిషి దొరికినట్టే అన్న ధీమా అది.

పనిముట్టు ఒకటి, పాదం ఒకటి

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని ‘ప్రతిజ్ఞ’ తెలుగు కవిత్వంలో శ్రమకు పట్టిన గొడుగు. కుమ్మరి, కమ్మరి, సాలె, జాలరి వారి వారి పనిముట్లతో సహా అందులోకి వచ్చి చేరారు. కావ్యవస్తువు కాదనుకున్న సామగ్రిని కావ్యవస్తువును చేయడం అప్పటికి పెద్ద సాహసం. కానీ ఆ కవితలో పనిముట్లన్నీ ఒకే ఎత్తున ఉంటాయి. చక్రానికీ మగ్గానికీ గొడ్డలికీ మధ్య హెచ్చుతగ్గులు లేవు. కులాల పేర్లు వినిపిస్తాయి. కులాల మధ్య ఎత్తుపల్లాలు వినిపించవు. శ్రామికులంతా ఒక్కటి కావాలన్న ఆకాంక్షకు ఆ సమతలం అవసరమే. అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’ ప్రసంగపాఠంలో ఎత్తిచూపిన విషయం మాత్రం ఆ సమతలంలో ఇమడదు. కులం పనిని పంచడం లేదని, పనిచేసే మనుషులనే వేరుచేసి ఒకరిమీద ఒకరిని మెట్లుగా పేరుస్తున్నదని ఆయన వాదన.

1941లో వచ్చిన జాషువా ‘గబ్బిలం’ ఆ మెట్ల అట్టడుగు నుంచి మాట్లాడింది. అందులోని కథానాయకుడి వృత్తి చెప్పులు కుట్టడం. జాషువా అతడి పనిముట్టును చూపడానికి ముందు అతడు ఎవరి పాదాన్ని కాపాడుతున్నాడో చూపాడు: ఏ వీరుడి పాదం ఇతడి దేహాన్ని పిప్పి చేసిందో ఆ పాదం కందకుండా ఇతడు చెప్పులు కుడుతున్నాడు. ఈ సేవకు దేశమే ఇతడికి అప్పుపడిందని కవి తీర్పు. ఆ పద్యాన్ని దేశభక్తి పద్యంగానో కరుణరస పద్యంగానో చదవడం అలవాటు. ఈ ఇద్దరి మధ్య ఉన్న లెక్కనూ, అందులో తీరని బాకీనీ గమనిస్తే అది పని సంబంధాన్ని విప్పిచెప్పిన పద్యమని తెలుస్తుంది. అతడు ఈ పని చేయనని ఎన్నడూ అనలేదన్న సూచన కూడా అక్కడే ఉంది. దానిని సహనానికి ప్రశంసగా చదవవచ్చు. నిరాకరించడానికి దారి లేదన్న అభియోగంగా కూడా చదవవచ్చు. నేను రెండవ పఠనాన్నే స్వీకరిస్తాను. శివుడికి తన గోడు చేరవేయడానికి గబ్బిలం తప్ప మరో దూత దొరకని మనిషికి నిరాకరించే అవకాశం ఎక్కడిది?

ఆ అవకాశం లేకపోవడమే తెలంగాణలో వెట్టి. సాయుధ పోరాటంపై పుచ్చలపల్లి సుందరయ్య రాసిన గ్రంథం వెట్టిని కులాల వారీగా, వృత్తుల వారీగా వివరించింది. కుమ్మరి కుండలు, గీతకార్మికుడు కల్లు, మాదిగ చెప్పులు, చాకలి ఉతుకు: ఊరికి వృత్తిగా అందేవే దొర గడికి వెట్టిగా అందేవి. పని ఒకటే, చేతులవే, పనిముట్లవే. అంటే వృత్తి, వెట్టి అన్నవి రెండు వేర్వేరు పనులు కావు. ఒకే పనికి రెండు గుమ్మాల దగ్గర రెండు పేర్లు. 1991కి ముందున్న గ్రామాన్ని వృత్తుల స్వర్ణయుగంగా వర్ణించేవారు ఈ రెండో గుమ్మాన్ని దాటి వెళ్లడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పాలకుర్తిలో ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది రేవు హక్కు కోసం కాదు, కౌలుకు తీసుకొని సాగుచేసిన భూమిలో పండిన పంట కోసం. వృత్తి చట్రం దాటి భూమి మీదకు రావడమే ఆమె చేసిన నేరమని దొర భావించాడు. ఇవాళ హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయం ఆమె పేరుతో ఉంది. ఆ పేరుకు ముందు ఆమె దాటివచ్చిన వృత్తి పేరే ఉంది. ఆత్మగౌరవ చిహ్నంగా ఆ సామాజికవర్గం దానిని నిలుపుకొంది కనుక మనం ఆక్షేపించనక్కరలేదు. కానీ పని పోయినా పనిపేరు పోకపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ వెతకనవసరం లేదు.

పాట చెప్పినది, మనం విన్నది

గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ చిత్రంలో వచ్చింది. వృత్తుల విధ్వంసం గురించి రాసే ప్రతి పరిశోధకుడూ దీనితోనే మొదలుపెడతాడు, అందులో తప్పేమీ లేదు. ఒక్కొక్క వృత్తివారి పనిచోటుకు వెళ్లి, అక్కడ ఏమి ఆగిపోయిందో చూసి, తరువాతి చోటుకు కదలడం ఆ పాట నడక. బైరాగి ఇల్లిల్లూ తిరిగినట్టుగా ఉంటుంది. కారణం ఊళ్లో లేదని, ఎవరి కంటికీ కనబడని చోట ఉందని పాట నొక్కిచెబుతుంది. అప్పటికి ఇంకా ఆర్థికశాస్త్ర పరిభాషలోనే నలుగుతున్న ఒక సంగతిని చదువురాని వాళ్ల నోటికి కూడా అందించిన ఘనత దానిది.

అయితే ఆ పాట కన్నీరు దేనికోసం? పని ఆగిపోయినందుకా, పనితో వచ్చే నాలుగు గింజలు ఆగిపోయినందుకా, మరొక పని దొరకనందుకా? ఈ మూడూ ఒకటి కావు. పాట మూడింటినీ కలిపి పాడింది; పాటకు ఆ హక్కు ఉంది. విమర్శకు ఆ వెసులుబాటు లేదు. మొదటిదాన్ని మాత్రమే పట్టుకుంటే, పరిష్కారం ఆ పనిని మళ్లీ నిలబెట్టడమే అవుతుంది. మూడవదాన్ని పట్టుకుంటే, కుమ్మరి కూతురికి చక్రం కాక మరేది అందాలో ఆలోచించవలసి వస్తుంది. మన వ్యాసాలు ఎక్కువగా మొదటిదాని దగ్గర ఆగాయి.

ఇది సాహిత్యంలో మాత్రమే తేలే తగాదా కాదు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడటానికి కొద్ది నెలల ముందు, 1953లో, రాజాజీ నాయకత్వంలోని మద్రాసు ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో బడి వేళలు కుదించి, మిగిలిన పొద్దు పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్న పథకం తెచ్చింది. కులవిద్య పథకమని దానికి వ్యతిరేకులు పెట్టిన పేరు నిలిచిపోయింది. తీవ్ర నిరసన మధ్య మరుసటి ఏడాది అది రద్దయింది. 70 ఏళ్ల తరువాత, 2023 సెప్టెంబరు 17న, 18 సంప్రదాయ వృత్తులకు పనిముట్లు, శిక్షణ, రుణం ఇచ్చే పీఎం విశ్వకర్మ పథకాన్ని కేంద్రం ప్రారంభించింది. దరఖాస్తుదారు కుటుంబం అదే వృత్తిలో ఉండాలన్న నిబంధనను తొలగించాలని కోరి, ఆ రూపంలో పథకాన్ని అమలుచేయబోమని 2024 నవంబరులో తమిళనాడు చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ కోణం నుంచి చెప్పుకోదగ్గ చర్చ నా దృష్టికి రాలేదు. 1990ల చివర ఉమ్మడి రాష్ట్రంలో పనిముట్లు పంచిన ‘ఆదరణ’ మొదలు, 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో లాండ్రీలకు, క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఇస్తున్న ఉచిత విద్యుత్తు దాకా మనకు అలవాటైన ఆలోచన ఒకటే: కులానికి దాని పనిముట్టును బాగుచేసి ఇవ్వడం. ఆ పనిలోనే ఉన్నవారికి ఆ సాయం నిజంగా సాయమే. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అదే ఇంట్లో ఆ పని వద్దనుకున్న పిల్లకు ఏమి దక్కుతుందన్న ప్రశ్న పథకంలోనూ లేదు, మన పాట విమర్శలోనూ లేదు. రెండు లేములూ ఒకదానికొకటి బలమిచ్చుకుంటున్నాయి.

వృత్తి పోవడం ఎల్లప్పుడూ విధ్వంసమే అయితే, చేతులతో మలాన్ని ఎత్తిపోసే పనిని నిషేధించడానికి 1993లోను, మళ్లీ 2013లోను చట్టాలెందుకు చేయవలసి వచ్చింది? కోలార్ బంగారు గనుల ప్రాంతంలో ఆ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా పోరాడింది ఒక కులవృత్తిని అంతం చేయడానికే. దానికోసం ఏ పల్లె కూడా కన్నీరు పెట్టదు. పురపాలక సంఘాల్లో గుత్తేదారు కింద పారిశుధ్య పని చేసేవారిలో అత్యధికులు ఏ కులాలవారో చూసినప్పుడు, ఊరు పోయి పట్నం వచ్చినా, ఆయం పోయి కాంట్రాక్టు వచ్చినా, పుట్టుక నుంచి పనికి వేసిన దారి అలాగే ఉన్నదని తెలుస్తుంది. మార్కెట్టు కొందరిని వృత్తి నుంచి గెంటివేసింది, కొందరిని మాత్రం అందులోనే భద్రంగా ఉంచింది.

ఈ వెలుగులో ‘యజ్ఞం’ కథను మళ్లీ చదవాలి. కాళీపట్నం రామారావు 1964లో రాసిన ఈ కథపై విస్తారమైన చర్చ జరిగింది. అందులో ఎక్కువ భాగం అప్పు న్యాయమా, తీర్పు న్యాయమా అన్నదాని చుట్టూ తిరిగింది. అప్పల్రాముడికి ఆ అప్పు మాటకు సంబంధించినది. పొలం అమ్మి అయినా తీర్చాలి. కొడుకు సీతారాముడు చూసింది అప్పును కాదు, అప్పు తీరాక మిగిలే పనిని. భూమి పోతే తనకూ తన తరువాతి తరానికీ మిగిలేది మరొకరి కింద కట్టుబడిన బతుకు. పసివాణ్ని చంపి పంచాయతీ ముందు పెట్టడం అతడు ఆ వారసత్వాన్ని తెంచిన తీరు. చర్యను సమర్థించే ప్రశ్నే లేదు. కానీ తెలుగు కథలో ఒక పనిలోకి ప్రవేశాన్ని, పుట్టుక ద్వారా జరిగే ప్రవేశాన్ని, ఇంత భయంకరంగా నిరాకరించిన పాత్ర మరొకటి లేదు. జాషువా నాయకుడికి అందని నిరాకరణ సీతారాముడికి అందింది, చెల్లించవలసిన వెలతో సహా.

ఆసు పోసిన చేతులు

వృత్తి సాహిత్యంలో మగ్గం దగ్గర కూర్చున్నది దాదాపు ఎప్పుడూ పురుషుడే. కండెలు చుట్టేదీ, ఆసు పోసేదీ ఇంటి ఆడవాళ్లు. కుమ్మరంలో మన్ను తొక్కడంలో, కుండలు తట్టకెత్తుకొని ఊరూరా తిరగడంలో వారి పాలు పెద్దది. అయినా వృత్తి పేరు పురుషుడిది, స్త్రీది ‘చేదోడు’. మాటలోనే వాటా తేలిపోయింది.

పోచంపల్లి చేనేతలో అర్ధవృత్తాకారంగా అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పడమే ఆసు పోయడం. ఒక్కొక్క చీరకు చేయి వేల సార్లు ఆడాలి. తల్లి భుజం నొప్పి చూసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2019లో ‘మల్లేశం’ చిత్రం వచ్చింది. చిత్రాన్ని ఒక ఆవిష్కర్త విజయగాథగా చూశారు, అది సరైనదే. నాకు ముఖ్యమనిపించింది మరొకటి. మన కళారూపాల్లో చేతిపని ఒకటి యంత్రానికి వెళ్లిపోవడం పండుగలా కనిపించిన అరుదైన సందర్భమిది. ఇక్కడ యంత్రం బయటినుంచి వచ్చి పడలేదు. నొప్పి పడుతున్న ఇంట్లోనే పుట్టింది, వృత్తిని ఉంచి అందులోని హింసను తొలగించింది. యంత్రం వచ్చిందా లేదా అన్నదానికంటే ఎవరి నిర్ణయంతో వచ్చిందన్నది ముఖ్యమని ఈ ఉదాహరణ చెబుతుంది. ‘కులవృత్తుల విధ్వంసం’ చట్రంలో ఆసు యంత్రాన్ని ఏ గడిలో పెడతాం?

డప్పు కూడా ఇటువంటిదే. చావు కబురు చాటడానికీ, ఊరి చాటింపుకూ విధిగా మోగించవలసిన వాద్యం 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమంలో ఉద్యమం పేరే అయింది. పని అదే, శబ్దం అదే. మోగించాలా వద్దా అన్న నిర్ణయం ఈసారి మోగించేవాడిది. ఎండ్లూరి సుధాకర్ ‘కొత్త గబ్బిలం’ ఈ మలుపు తరువాతి రచన. జాషువా పేరును అందుకొని, జాషువా నాయకుడికి లేని స్వరంతో మాట్లాడటం దానికి సాధ్యమైందంటే, నడుమ జరిగినది ఇదే.

జిగిరి: తండ్రి, కొడుకు, ఎలుగు

నిష్క్రమణ సమస్యను తెలుగు నవలలో అత్యంత నిజాయితీగా ఎదుర్కొన్నది పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’ అని నా అంచనా. ఇమాం ఎలుగుబంటిని ఆడించి బతికే మనిషి. షాదుల్ అతడికి తిండిపెట్టే జీవం, ఇంట్లో పెరిగిన బిడ్డ, జిగిరీ దోస్తు. వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో షాదుల్ ఇమాం సొత్తు కాదు, అసలు ఎవరి సొత్తూ కాదు. ఎలుగును వదిలించుకుంటే భూమి వస్తుందన్న ఆశ ఇంట్లోకి వచ్చింది. కొడుకు చాంద్‌కు ఆ భూమి కావాలి.

ఇది ముందే తీర్పు సిద్ధంగా ఉన్న కథలా కనిపిస్తుంది: ప్రేమగల తండ్రి, ఆశపోతు కొడుకు, నోరులేని జంతువు. ‘జిగిరి’పై చాలామంది పాఠకుల స్పందన మనిషీ జంతువుల స్నేహం దగ్గరే ఆగడానికి కారణమిదే. కానీ చాంద్ అడుగుతున్నదేమిటి? తండ్రి వీధివీధి తిరిగి చేయి చాచిన పని తన వంతుకు రాకూడదనడం. ఊళ్లో నిలబడి ‘ఇది నాది’ అని చూపడానికి కాస్త నేల ఉండాలనడం. ఐలమ్మ అడిగింది అదే, సీతారాముడు పోతుందని భయపడింది అదే. అతడిని స్వార్థపరుడిగా మాత్రమే చదివితే, భూమిలేనివాడు భూమిని కోరడమే తప్పన్నంత దూరం పోతాం. ఇమాం పక్షాన కూడా నవల అబద్ధం చెప్పలేదు. ఎలుగుతో అతడి సంబంధాన్ని ఏ నష్టపరిహారమూ కొలవలేదు. భూమి పట్టా కాగితం మీద ఆ సంబంధం రాసుకోవడానికి గడి లేదు.

ఇంత చిన్న ఇంట్లో రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలబడటానికి కారణం ఇంట్లో లేదు. ఇమాం ఈ పనిలోకి రావడం ఎవరూ అతడిని అడిగి జరిగింది కాదు. ఇప్పుడు పొమ్మన్నదీ అడిగి కాదు. చట్టం ఎలుగు పక్షాన సరైనదే చేసింది. ఎలుగును ఆడించిన మనిషికి అది చూపిన దారి ఒక్కటే, అదీ షరతుతో కూడినది. ఆ షరతు భారం ప్రభుత్వం నుంచి చాంద్ చేతుల్లోకి, తండ్రీకొడుకుల మధ్యకు వచ్చిపడింది. పరిశోధకులు ఈ నవల నుంచి తెలంగాణ పలుకుబడులను, ఉర్దూ కలిసిన మాటలను ఎంతో శ్రమతో సేకరించారు. ఆ జాబితాలో ‘భూమి’ అన్న మామూలు మాట ఉండదు. నవల పొడుగునా చాంద్ నోట నలిగే మాట అదే.